సేఫ్టీకి ఇంకొకటి

స్టూడియో గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాం. నేల మీద మెత్తటి తివాచీ. గోడలకీ అదే మెత్తదనం. మనిషి దగ్గినా గోడ మింగేసేలా ఉంది.

ఆ రోజు మా అమ్మాయి కోటేశ్వరి సినిమాకి ర్యాప్ పాడుతోంది. బయట అందరూ కోటి అంటారు. తోడు రమ్మని నన్ను తీసుకెళ్ళింది.

"అక్కడ ఏం మాట్లాడొద్దు నాన్నా, ఊరికే కూర్చో" అంది ఆటోలో. అని తనే నవ్వింది. నేను ఎక్కువ మాట్లాడేస్తానని భయపడ్డవాళ్ళు నా జన్మలో లేరు.

సన్నాయి మేళంలో నాది ఒత్తు. సన్నాయి వాయించే ఆయన రాగం తీస్తూ పోతుంటే, పక్కన కూర్చుని ఒకటే స్వరం తెగకుండా ఊదుతూ ఉండాలి. బుగ్గల్లో గాలి నిలవ పెట్టుకుని, అది బయటికి పోతుండగానే ముక్కుతో కొత్త గాలి లాగాలి. లాగినట్టు పక్కవాడికి తెలియకూడదు. ఊపిరి వినపడిందంటే ఒత్తు చెడినట్టే. పెళ్ళిలో ఫోటోలు తీసేవాడు సన్నాయిని తీస్తాడు, డోలుని తీస్తాడు, నా దగ్గర ఆగడు. ఆగకపోతేనే నా పని బాగున్నట్టు.

కోటి ఆ మేళంలోనే పెరిగింది. యూసుఫ్‌గూడలో మాది ఒకటిన్నర గది. డోలు సాధన జరుగుతుంటే పక్కన కూర్చుని అన్నం తినేది. కాలేజీ అయ్యాక ర్యాప్ అని మొదలుపెట్టింది. మాటల్ని డోలు దెబ్బల్లా పడేస్తుంది. మా ఆవిడ సౌభాగ్యం జాకెట్లకు హుక్కులు కుడుతూ వినేది. "పాట పాడవే అంటే తగువాడతదేంటి ఇది" అనేది. కానీ కుట్టటం మాత్రం ఆ దెబ్బకే కుట్టేది.

కోటికి పేరు తెచ్చింది ఈ ముక్క.

తాళి కట్టేటప్పుడు గట్టిగా ఊదాలి మేము,
ఆకు వేసేటప్పుడు ఆఖరి బంతి మేము.
పెళ్ళికొడుకు చెప్పులు దాస్తే పకపకా నవ్వుతారు,
మా నాన్న రెండో లడ్డు అడిగితే గుడ్లురుముతారు.

పెళ్ళిళ్ళలో మేళం వాళ్ళకి అన్నం అందరూ తిన్నాకే. అది నిజం. లడ్డు మాత్రం నేనెప్పుడూ అడగలేదు. ఆ మాట అంటే, "పాటకి అడిగావులే నాన్నా" అంది.

ఆ ముక్క ఫోనుల్లో తిరిగి తిరిగి సంగీత దర్శకుడు నిరంజన్ గారి దాకా పోయింది. ఆయన పిలిచి మెచ్చుకున్నాడు. పెద్ద హీరో సినిమా, హీరో వచ్చే పాట, ఇదే దరువు కావాలి అన్నాడు. మాటలు మాత్రం మార్చారు. "అన్న నడిచొచ్చేటప్పుడు అదిరిపోవాలి ఊరు, అన్న చెయ్యెత్తేటప్పుడు ఆగిపోవాలి హోరు" అయింది. కోటి నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత ఒప్పుకుంది. "ఒక్కసారి తెర మీద నా గొంతు వస్తే, రెండోసారి నా మాట వస్తుంది" అంది.

ఆ పాటకి ఒక షరతు ఉంది. మొదటి నుంచి చివరి దాకా ఊపిరి తీసుకోకూడదు.

"ఊపిరి కోసేసి ముక్కలు అతికించొచ్చు కదా సార్" అని అడిగాడు ఆల్ఫ్రెడ్. ఆయన రికార్డింగ్ చేసే మనిషి. గుణదల నుంచి వచ్చాడు.

"అందరూ అదేగా చేస్తున్నారు. మనం కెమెరా పెట్టి చూపించాలి. ఒక అమ్మాయి నిలబడి పాట మొత్తం గుక్క తిప్పుకోకుండా పాడింది, ఇదిగో వీడియో. అదీ మన పబ్లిసిటీ" అన్నాడు నిరంజన్ గారు.

దానికి మనిషిని కూడా తెచ్చారు. డాక్టర్ మృణాళిని. నలభై దాటి ఉంటాయి. చేతిలో చిన్న చల్లపెట్టె. అందులోంచి ఒక సూదిమందు, ఒక పట్టీ తీసింది. పట్టీ తమలపాకు అంత ఉంది. కోటి జుట్టు పైకెత్తి మెడ వెనక అంటించింది. తర్వాత మోచేతి దగ్గర సూది వేసింది.

"ఇప్పుడు ఊపిరి బిగబట్టమ్మా" అంది.

కోటి బిగబట్టింది. డాక్టరమ్మ ఒక చిన్న అద్దం ఆమె ముక్కు కింద పెట్టింది. మేమంతా చూస్తున్నాం. కోటి మొహం ఎర్రబడలేదు. కళ్ళు పెద్దవి కాలేదు. నన్ను చూసి కనుబొమలు ఎగరేసింది. తర్వాత నోరు తెరిచి, ఉన్న గాలిని చిన్నచిన్నగా వదులుతూ మాట్లాడింది కూడా.

"ఏం అవ్వట్లేదు నాన్నా. తీసుకోవాలనే అనిపించట్లేదు."

అద్దం మసక పట్టలేదు. నాకు అది చూడబుద్ధి కాలేదు.

"మందు రక్తంలో గాలి మోస్తుంది" అంది డాక్టరమ్మ నా వైపు తిరిగి. "పట్టీ ఏమో మెదడులో ఊపిరి తియ్యి, తియ్యి అని అరిచే చోటుని నిద్రపుచ్చుతుంది. పాటయ్యాక పీకేస్తే అది లేస్తుంది. మళ్ళీ వాడాలంటే ఒక రోజు పూర్తిగా విరామం ఇవ్వాలి."

"దేనికి చేశారమ్మా ఇది?" అన్నాను. ఆ రోజు నేను స్టూడియోలో మాట్లాడిన మాట అదొక్కటే.

"మ్యాన్‌హోల్‌లో దిగేవాళ్ళ కోసం. లోపల విషగాలి పీల్చి చచ్చిపోతుంటారు కదా. పీల్చకుండా పని చేసి పైకి రావచ్చని." అద్దం తుడిచి పెట్టెలో పెట్టింది. "వాళ్ళ కోసం కొనేవాళ్ళు దొరకలేదు. ఈ ప్రొడ్యూసర్ గారు కొన్నారు."

కోటి అద్దాల గదిలోకి వెళ్ళి మైకు ముందు నిలబడింది. కెమెరా తిరిగింది. దరువు మొదలైంది.

ఎలా పాడింది అంటే నాకు చెప్పటం రాదు. నోట్లో ఉన్న కొంచెం గాలినే అటూ ఇటూ తిప్పుకుంటూ మాటలు విసిరింది. బుగ్గల్లో గాలి ఆపే పద్ధతి మాదే. మిగతాదంతా ఆమెదే. ఎక్కడా తెగలేదు. చివరి మాట అయింది. ఆల్ఫ్రెడ్ చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టాడు. నిరంజన్ గారు చప్పట్లు కొట్టాడు. కెమెరా అతను బొటనవేలు చూపించాడు.

"సూపర్ అమ్మా. ఓకే" అన్నాడు నిరంజన్ గారు. అలా అంటూనే వేలు గాల్లో తిప్పాడు. "సేఫ్టీకి ఇంకొకటి."

సినిమా వాళ్ళకి అదొక అలవాటు. టేకు బాగా వచ్చినా ఇంకొకటి తీసి దాచుకుంటారు. షూటింగుల్లో పెళ్ళి సీనుకి మమ్మల్ని పిలిచినప్పుడు కూడా అంతే. వాయించనక్కర్లేదు, ఊదినట్టు నటిస్తే చాలు, అయినా సేఫ్టీకి ఇంకోసారి నటించమంటారు.

"వద్దు సార్. ఒక రోజు విరామం అన్నాను కదా" అంది డాక్టరమ్మ.

"పట్టీ ఎలాగూ తియ్యలేదు కదా డాక్టర్ గారూ. అదే ఊపులో అయిపోతుంది."

"మందు మళ్ళీ వెయ్యాలి."

"వెయ్యండి. మీ పరిశోధనకి డబ్బు పెట్టింది ఈ సినిమానే కదా" అన్నాడాయన నవ్వుతూ. కోపంగా అనలేదు. టీ తాగండి అన్నట్టే అన్నాడు.

డాక్టరమ్మ అద్దాల గదిలో ఉన్న కోటి వైపు చూసింది. కోటి మైకులో అంది, "ఒక్కటే కదా డాక్టర్ గారూ. పర్లేదు."

పర్లేదు అనక ఏమంటుంది. సేఫ్టీ ఇవ్వనన్న సింగర్‌ని మళ్ళీ ఎవరూ పిలవరు. డాక్టరమ్మ సూది తీసింది. కోటి రెండోసారి పాడింది. అదీ బాగానే పాడింది. అయ్యాక డాక్టరమ్మ పట్టీ పీకేసింది.

రాత్రి మా పక్కనే పడుకుంది కనుక మాకేం తెలియలేదు. మర్నాడు మధ్యాహ్నం సౌభాగ్యం కూర తాలింపు పెడుతోంది. కోటి గోడకి చేరగిలబడి కునుకు తీస్తోంది. సౌభాగ్యం ఏదో అడగటానికి తిరిగి చూసి, గరిటె కింద పడేసింది. కోటి పెదాలు నల్లగా అయిపోయి ఉన్నాయి.

భుజం పట్టి కుదిపితే కోటి కళ్ళు తెరిచింది. నీళ్ళలోంచి పైకి లేచినట్టు ఒక్కసారి గాలి లాగింది. ఎందుకు లేపారంది. తనకేమీ తెలియదు. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఊపిరి తియ్యమని చెప్పేది లోపల లేవలేదు, అంతే.

డాక్టరమ్మ ఆటోలో పరుగున వచ్చింది. మెడ వెనక ఏవేవో తీగలు అంటించి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మా చాప మీదే కూర్చుండిపోయింది.

"మెలకువగా ఉన్నప్పుడు తనే గుర్తు పెట్టుకుని తీసుకోవాలి. నిద్రపోతే ఎవరో ఒకళ్ళు గుర్తు చెయ్యాలి" అంది.

"ఎన్నాళ్ళు?" అంది సౌభాగ్యం.

"ఆ చోటు లేవచ్చు. లేవకపోవచ్చు."

"లేవకపోవటం ఏంటమ్మా? నిద్రపుచ్చినోళ్ళకి లేపటం తెలవదా?"

డాక్టరమ్మ లేచి వెళ్ళింది. మూతికి మాస్కు పెట్టి గాలి తోసే యంత్రం ఒకటి తెచ్చి ఇచ్చింది. అది తోస్తే కోటి గొంతు మూసుకుపోయేది. పైనుంచి ఒత్తి పెట్టే గాలిని ఒళ్ళు ఒప్పుకోలేదు. రకరకాలుగా చూశాక డాక్టరమ్మ కనిపెట్టింది ఒకటే. పక్కన ఇంకో మనిషి ఊపిరి తీస్తున్న చప్పుడు చెవికి వినపడితే కోటి ఒళ్ళు కూడా తీస్తోంది. ఆవలింతకి ఆవలింత వచ్చినట్టు. ఫోనులో రికార్డు చేసి పెట్టి చూశాం. కాసేపు పని చేసింది. తర్వాత అది మనిషి కాదని ఒంటికి తెలిసిపోయేది. ఎలా తెలుస్తుందో డాక్టరమ్మకీ తెలియదు.

అలా నాకు ఆ పని వచ్చింది. జీవితమంతా ఊపిరి వినపడకుండా తీశాను. ఇప్పుడు మా అమ్మాయి చెవి పక్కన కూర్చుని వినపడేలా తియ్యాలి. మొదట్లో చేతకాలేదు. నాకు తెలియకుండానే ముక్కుతో దొంగతనంగా లాగేవాణ్ణి. కోటి పెదాలు రంగు మారేవి. గట్టిగా, ముసలి ఎద్దులా తియ్యటం నేర్చుకున్నాను.

కోటి నిద్ర పగటికి మార్చుకుంది. పగలైతే సందులో ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఉంటారు. నేను లేచినప్పుడు ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. ఎదురింటి యాదమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చునేది. "మా ఆయన గురక రికార్డు చేసి తేవాల్నా రాఘవులన్నా, బస్తీ మొత్తం బతుకుతది" అనేది. నవ్వేవాళ్ళం. నవ్వుతూనే యాదమ్మ ఊపిరి మాత్రం ఆపేది కాదు.

మెలకువలో కష్టం వేరు. కోటి ఏదైనా పనిలో పడితే ఊపిరి మర్చిపోయేది. పాట రాయటానికి కూర్చుంటే రెండు ముక్కలు రాసి తల వాల్చేసేది. ఒకరోజు కలం విసిరికొట్టింది.

"పాట గుర్తుంటే ఊపిరి మర్చిపోతున్నాను నాన్నా. ఊపిరి గుర్తు పెట్టుకుంటే పాట పోతోంది. రెండూ ఒక తలలో పట్టట్లేదు."

ఒళ్ళు మరిచి చేసే పని ఏదీ ఆమెకి ఇక లేదు. కడుపారా నవ్వటం కూడా లేదు. నవ్వేటప్పుడు కూడా మధ్యలో ఆగి, జ్ఞాపకం తెచ్చుకుని, గాలి లాగేది.

నేను మేళం మానేశాను. మా సన్నాయి పెద్ద సాంబయ్య బావ వచ్చాడు.

"శ్రుతి పెట్టె కొన్నాంరా" అన్నాడు. "కరెంటుది. నీలాగే ఒకటే స్వరం. నీకన్నా నయం, అన్నం కూడా అడగదు."

"మంచిదే."

"మంచిదేంట్రా. పక్కన మనిషి లేకుండా ఊదుతుంటే నాకే నా సన్నాయి కుక్క ఏడ్చినట్టుంది." కోటి నిద్రపోతున్న వైపు చూశాడు. కాసేపు ఆయన కూడా గట్టిగా ఊపిరి తీస్తూ కూర్చున్నాడు. "ఆ రెండో పాట ఏమైందిరా? అదైనా వాడారా?"

నాకు తెలియదు. ఆల్ఫ్రెడ్ ఒకసారి చూడటానికి వస్తే అడిగాను. ఆయన మా గుమ్మం దగ్గర నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"మొదటిదే వాడాం పెద్దాయనా. సేఫ్టీ ఎప్పుడూ తెరవం. తీసి పెట్టుకుంటాం, అంతే."

"విన్నారా?"

"లేదు."

 ఆయన తెచ్చిన బత్తాయిలు గుమ్మంలో పెట్టి వెళ్ళాడు.

కొన్ని వారాలకి నిరంజన్ గారే స్వయంగా వచ్చారు. సందులోకి కారు పట్టక నడిచి వచ్చారు. మిఠాయి డబ్బా సౌభాగ్యం చేతికి ఇచ్చారు. మా ఇంట్లో కుర్చీ ఒకటే. అందులో కూర్చున్నారు. కోటి మంచం మీద కూర్చుంది.

"కోటీ, నీ పాట బ్రహ్మాండంగా వచ్చిందమ్మా. చిన్న ఇబ్బంది వచ్చింది" అన్నాడు. "సినిమా కొంతమందిని కూర్చోబెట్టి చూపించాం. నీ పాట దగ్గర అందరూ ఇబ్బంది పడుతున్నారు. ఒకావిడ లేచి బయటికి వెళ్ళిపోయింది. ఎందుకమ్మా అంటే, ఊపిరాడట్లేదు అంది. ఆ పాట వింటుంటే వాళ్ళు కూడా తెలియకుండా ఊపిరి బిగబడుతున్నారు."

"అయితే?" అంది కోటి.

"అయితే డైరెక్టర్ గారు అంటున్నారు, మధ్యమధ్యలో ఊపిరి పెడదాం అని. సహజంగా ఉంటుంది. పబ్లిసిటీ వీడియో మానేద్దాం. నువ్వొచ్చి లైను లైనుకీ ఊపిరి తీసి ఇస్తే చాలు."

సౌభాగ్యం మిఠాయి డబ్బా ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. దాన్ని ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఊపిరి తీసుకుపోయినోళ్ళు మీరు. ఇప్పుడు మళ్ళీ కావాలంటే మేమెక్కణ్ణించి తెచ్చేది బాబూ? మీ దగ్గరే ఉందేమో వెతకండి."

"అమ్మా" అంది కోటి.

ఆయన మొహం మాడిపోయింది. తప్పు చేసినవాడి మొహం కాదది. అమర్యాద జరిగినవాడి మొహం.

 కోటి ఊపిరి తీసి, వదిలి, అప్పుడు అంది.

"వస్తాను. పాట చివర నా ముక్క పెట్టండి. నేను రాసింది రాసినట్టు. ఆఖరి బంతి."

"తప్పకుండా పెడదాం. ఫోనుల్లో తిరిగిందే చివర అతికిద్దాం" అన్నాడు నిరంజన్ గారు.

మేమిద్దరం వెళ్ళాం. అదే తివాచీ, అవే గోడలు. నేను లేకుండా కోటి ఉండలేదు కనుక అద్దాల గదిలోకి నన్ను కూడా రానిచ్చారు. చెవులకి పెట్టుకునేవి ఆమెకి పెట్టారు. పాట ఆమె చెవుల్లో వస్తుంటే, లైను అయిన చోటల్లా ఊపిరి తీసుకోవాలి.

కోటి తీసింది. బయట నుంచి నిరంజన్ గారి గొంతు వచ్చింది.

"కొంచెం సహజంగా అమ్మా."

మళ్ళీ తీసింది.

"బోరింగ్ పంపు కొట్టినట్టు ఉందమ్మా. ఆలోచించకు. ఊరికే తీసుకో."

ఆలోచించకపోతే ఆమెకి ఊపిరి రాదు. ఆ సంగతి ఆయనకి చెప్పాం, ఆయన తల కూడా ఊపాడు. అయినా అదే మాట అంటున్నాడు. కోటి తియ్యటం, ఆయన బాగాలేదనటం. కోటి నుదుటి మీద చెమట పట్టింది. ఆ కంగారులో అసలే మర్చిపోయింది. పెదాలు నల్లబడటం చూసి నేను దగ్గరికి జరిగాను. ఆమె ఒక చెవి మీదున్నది పక్కకి జరిపి, ఇంట్లో చేసినట్టే గట్టిగా ఊపిరి తీశాను. వదిలాను. మళ్ళీ తీశాను. ఆమె ఒళ్ళు అందుకుంది. పాట ఆగలేదు. నేను కూడా ఆపలేదు.

పాట అయ్యాక బయట గుసగుసలు. తర్వాత ఆల్ఫ్రెడ్ గొంతు.

"సార్, ఇది అమ్మాయిది కాదు. పెద్దాయనది. మైకులో పడింది."

"మళ్ళీ వినిపించు."

వినిపించారు. గదిలో నా ఊపిరి, మా అమ్మాయి మాటల మధ్య. నా ఊపిరి నేను వినటం అదే మొదటిసారి.

"ఇదే కావాలి" అన్నాడు నిరంజన్ గారు. "ఎంత ప్రాణం ఉందో చూశావా. కొంచెం స్థాయి పెంచితే ఆడపిల్లదే అనుకుంటారు. పెద్దాయనా, ఓకే. చాలా బాగా చేశారు."

నాకు తెలుసు తర్వాత ఏమంటాడో. ఆయన వేలు అప్పుడే గాల్లోకి లేచింది.

"లేదు" అన్నాను.

"ఒక్కటే పెద్దాయనా."

"లేదండి." కోటి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. ఆటోలో కోటి నా భుజం మీద తల పెట్టింది. యూసుఫ్‌గూడ వచ్చేదాకా ఊపిరి తీస్తూనే ఉన్నాను. ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, "ఆస్తమానా పెద్దాయనా?" అన్నాడు.

సినిమా వచ్చింది. మ్యాట్నీకి వెళ్ళాం, మేం ముగ్గురం, యాదమ్మ. హీరో నడిచొచ్చాడు. జనం కాగితాలు విసిరారు. కోటి గొంతు హాలంతా కొట్టుకుంది. లైను లైనుకీ నా ఊపిరి. దాన్ని సన్నగా, పదును పెట్టినట్టు చేశారు. పక్క కుర్చీలో కుర్రాళ్ళు ఆ ఊపిరిని కూడా కలిసి తీస్తున్నారు. పాట చివరికి వచ్చింది. కోటి ముందుకి వంగి కూర్చుంది. హీరో చెయ్యెత్తాడు, హోరు ఆగింది, సీను మారిపోయింది.

ఆఖరి బంతి లేదు.

కోటి ఏడవలేదు. ఏడిస్తే ఊపిరి లెక్క తప్పుతుంది. యాదమ్మ తిట్టింది, తిట్టినన్ని తిట్టింది. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి ఊరుకోమన్నారు.

"నిడివి ఎక్కువైందట" అని తర్వాత ఆల్ఫ్రెడ్ ఫోనులో చెప్పాడు. పేపర్లలో పాట గురించి రాశారు. ఆ ఊపిరిలో బాధ ఉందని, ఆకలి ఉందని, అది బస్తీ ఊపిరి అని ఎవరో రాశారట. కోటి చదివి వినిపించింది. చదువుతూ మధ్యలో ఆగి, గాలి తీసుకుని, మళ్ళీ చదివింది. చివరికి ఫోను బోర్లా పెట్టింది.

డాక్టరమ్మ ఆ పని వదిలేసింది. పట్టీ, మందు మాత్రం ఆమెవి కావు, డబ్బు పెట్టినవాళ్ళవి. వాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు. "వాడొద్దని రాసి ఇచ్చాను రాఘవులు గారూ" అంది. వారానికి ఒకసారి వస్తుంది. కోటి మెడ వెనక తీగలు పెట్టి చూస్తుంది. ప్రతిసారీ మేము ఆమె మొహం చూస్తాం. ప్రతిసారీ ఆమె తీగలు చుట్టుకుంటుంది.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం కోటి నిద్రలో ఉంది. నేను పక్కన కూర్చుని ఊపిరి తీస్తున్నాను. గుమ్మంలో ఎవరో ఆడమనిషి నిలబడింది. ఎర్రటి ఎండలో నడిచి వచ్చినట్టుంది. చేతిలో నీళ్ళ సీసా, చంకకి సంచి.

"రాఘవులు గారి ఇల్లు ఇదేనా?" అంది.

తల ఊపాను. ఊపిరి ఆపి మాట్లాడటానికి లేదు.

"మాది జనగామ. నా పేరు కొమురమ్మ. నిరంజన్ సార్ ఆఫీసుల చెప్పిండ్రు ఇక్కడికి పొమ్మని. వాళ్ళకి ఎరుక, వాళ్ళనడుగు అన్నరు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా బిడ్డ కూడ సినిమాల పాడింది. గదేదో ర్యాప్. ఇప్పుడు నిద్రవోతే ఊపిరి తీస్తలేదు. చెల్లె దగ్గర కూసోవెట్టి వచ్చిన."

సౌభాగ్యం కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి మంచినీళ్ళు తెచ్చింది. కొమురమ్మ తాగలేదు.

"ఎన్నిసార్లు పాడించారు?" అని సౌభాగ్యం అడిగింది.

"రెండుసార్లంట. ఒకటి బానే వచ్చిందంట. రెండోది ఎందుకు పాడిచ్చిండ్రో ఏమో. నా బిడ్డని అడిగితే, అట్లనే పాడాలెనమ్మా, అందరు పాడుతరు అన్నది."

సౌభాగ్యం లోపలికి వెళ్ళిపోయింది. లోపల గిన్నె ఏదో తోముతున్న చప్పుడు. ఆ గిన్నె అంతకుముందే తోమింది.

కొమురమ్మ కోటి వైపు చూసింది. తర్వాత నా వైపు. నా రొమ్ము ఎగిసి పడటం, దాని వెంటే కోటి రొమ్ము ఎగిసి పడటం, అటూ ఇటూ చూసింది.

"ఎట్ల కూసోవాలె కాకా?" అంది. "జర చూపియ్యు."

జరిగి చోటిచ్చాను. ఆమె సంచి కింద పెట్టి కోటి తల పక్కన కూర్చుంది. చెవి దగ్గరికి మరీ వంగింది. వద్దని చేత్తో చూపించాను. కొంచెం వెనక్కి జరిపాను. మూతి మూసుకోవద్దని చూపించాను. తీసేటప్పుడు వినపడాలి, వదిలేటప్పుడు అక్కర్లేదు. ఆమె తల ఊపింది. నేను ఆగాను. ఇక ఆమె తియ్యాలి.

కొమురమ్మ కదలకుండా కోటి పెదాల వైపే చూస్తోంది. కోటి రొమ్ము ఆగిపోయి ఉంది. కొమురమ్మ రొమ్ము కూడా ఆగిపోయి ఉంది.

"ఎన్ని పొద్దులు చెయ్యాలె కాకా ఇట్ల?" అంది సన్నగా.

"ముందు నువ్వు ఊపిరి తీసుకోమ్మా" అన్నాను.